పరదాగుడ్డ గౌను

మిషనత్తకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది కొత్తగా తీయించిన పాస్‌పోర్టు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పెళ్ళయి వచ్చిన ఏడాదే ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. అప్పట్లో వీధి పిల్లలు మిషనత్త అన్నారు. ఆ పిల్లలకు పిల్లలు పుట్టి వాళ్ళూ అదే అంటున్నారు. భర్త పోయి ఆరేళ్ళయింది. కూతురు రెండు వీధుల అవతలే కాపురం. ఇంట్లో ఆవిడా, మిషనూ, గోడకు వరసగా తగిలించిన జాకెట్లూ.

పాస్‌పోర్టు తీయించింది వదిన. భర్తకు అక్క, రిటైరైన హెడ్మిస్ట్రెస్, బడి వదిలినా బెత్తం వదలని మనిషి. ఆవిడా, ఆవిడ స్నేహితురాలూ కలిసి ఆడవాళ్ళ విదేశీ యాత్రకు పేర్లిచ్చారు. స్నేహితురాలు మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది.

"ఏమే మరదలా, ఆ సీటు నీదే. అడగడం లేదు, చెబుతున్నాను" అంది వదిన.

"నాకక్కడ ఏం పని వదినా? ముందర పెళ్ళిళ్ళున్నాయి. కుట్టాల్సినవి గుట్టలుగా పడున్నాయి."

"పది రోజులు నీ మిషను కాస్త ఊపిరి పీల్చుకుంటుందిలే. ఎప్పుడన్నా ఈ గది గుమ్మం దాటావా నువ్వు?"

యాత్ర తాలూకు రంగుల కాగితం వదిన చదివి వినిపించింది. చూసి రావడం కాదట, కలిసి రావడమట. పన్నెండుమంది ఆడవాళ్ళు, పది రోజులు, అక్కడి ఇళ్ళు, అక్కడి మనుషులు, జీవితాంతం నిలిచే అనుబంధాలు.

"జీవితాంతం నిలిచే హుక్కు కుట్టడమే నాకింకా చేత కాలేదు" అని నవ్వింది మిషనత్త. నవ్విందే గాని మనసు లోపల ఎక్కడో కదిలింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఎంతమంది వొంటి కొలతలో నోటికొచ్చు గాని, ఊరు దాటి ఒక్క మనిషిని ఎరగదు.

పది రోజులూ మకాం ఒకే హోటల్లో. మొదటి సాయంత్రం హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి పరిచయాలు పెట్టారు. యాత్ర నడిపే ఆవిడను అందరూ మేడమ్ అనేవాళ్ళు. నలభై ఐదేళ్ళుంటాయి. ఎదుటి మనిషితో మాట్లాడుతున్నా సగం చూపు చేతిలో ఫోను మీదే ఉంటుంది. వచ్చినవాళ్ళలో ఒకావిడ బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైంది. ఒకావిడ డాక్టరుగారి భార్య. ఒకావిడకు రెండు పెట్రోలు బంకులున్నాయి. మిషనత్త వంతు వచ్చింది.

"నేను జాకెట్లు కుడతానండీ."

ఇద్దరు ముగ్గురు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత మేడమ్, "ఎంత మంచి విద్యండీ!" అని చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు. ఆ చప్పట్లతో ఆవిడ చోటేదో ఖాయమైపోయింది. మర్నాడు పొద్దున్నే బ్యాంకావిడ తలుపు తట్టి, "హుక్కు ఊడిందండీ, మీ దగ్గర సూది ఉంటుందిగా" అంది. ఆ మర్నాడు డాక్టరుగారి భార్య చీరకు ఫాలు ఊడింది. బస్సులో కిటికీ సీట్ల కోసం పోటీ పడే ఆడవాళ్ళు, జిప్పు తెగితే మాత్రం ఆవిడ పక్కన చేరేవాళ్ళు.

"విమానమెక్కి వచ్చినా నా బతుకు హుక్కుల దగ్గరే ఉంది వదినా" అంది మిషనత్త.

"కుట్టనని చెప్పు."

"చేతులు ఊరుకోవుగా."

మూడోరోజు మధ్యాహ్నం 'అక్కడి కుటుంబంతో ఒక పూట' అన్న కార్యక్రమం. ఒక ఇంటి ముందు బస్సు ఆగింది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి పన్నెండుమందినీ వరసగా కౌగిలించుకుంది. వెంట ఉన్న గైడు అమ్మాయి ఆవిడ మాటలను ఇంగ్లీషులో చెబితే వదిన మిషనత్త చెవిలో తెలుగులో ఊదింది. మీరు నా అక్కచెల్లెళ్ళు, ఈ ఇల్లు మీది, వగైరా. అందరూ కలిసి కూరగాయలు తరిగారు, ఫోటోలు దిగారు. మిషనత్త చూపు మాత్రం వెనక వరండాలో ఆరేసిన బట్టల మీద పడింది. మూడు చొక్కాలు, రెండు గౌన్లు. చొక్కా మెడపట్టీ లోపల అట్టముక్క ఇంకా అలాగే ఉంది.

"వదినా, ఈ ఇంట్లో ఎవరూ ఉండరు."

"ఏం కూతే అది?"

"ఆ బట్టలు చూడు. ఒక్కసారి కూడా తొడగలేదు, ఒక్కసారి కూడా ఉతకలేదు. కొట్టునుంచి తెచ్చి తగిలించారు."

"నీ చూపుకో దండం. నవ్వు, ఫోటో తీస్తున్నారు."

తిరిగి బస్సెక్కాక బ్యాంకావిడ కళ్ళొత్తుకుంటూ, "ఎంత ఆప్యాయతండీ, సొంత చెల్లెల్ని వదిలొచ్చినట్టుంది" అంది. మిషనత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు మేడమ్ పొడుగుకోటు జిప్పు పట్టేసింది. "ఏమీ అనుకోకపోతే..." అంటూ తెచ్చి మిషనత్త చేతిలో పెట్టింది. రన్నరు విరిగింది, మార్చాలి, మిషనత్త దగ్గర అది లేదు. హోటలు కౌంటరు దగ్గర కోటు చూపించి సైగ చేస్తే అక్కడి పిల్ల కిందికి వెళ్ళే మెట్లు చూపించింది.

మెట్లు దిగేకొద్దీ తివాచీ పోయి సిమెంటు వచ్చింది. పైకప్పు నిండా గొట్టాలు. ఒక గదిలో పెద్ద పెద్ద వాషింగ్ మిషన్లు తిరుగుతున్నాయి. పక్కనే ఒక ముసలాయన ఆవిరిలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ గది దాటాక కిటికీ లేని ఇంకో చిన్న గది. అక్కడినుంచి మిషను చప్పుడు వస్తోంది. మిషనత్త గుమ్మంలోనే ఆగిపోయింది. చప్పుడులో తేడా ఉంది. ప్రతి పది కుట్లకూ ఒకటి తప్పుతోంది.

మిషను దగ్గర ఒక పొడుగాటి మనిషి వంగి కూర్చుని ఉంది. నలభై దాటి ఉండవు. ఒక పక్క తలగడ గలీబులు గుట్ట, ఇంకో పక్క చిరుగులు పడిన దుప్పట్లు. ఆ మనిషి మిషను ఆపి, దారం తెంపి, తప్పిన కుట్లు విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. విసుగుతో ఏదో గొణుక్కుంది. ఏ భాషైనా ఆ గొణుగుడు మిషనత్తకు అర్థమైంది. ముప్ఫై యేళ్ళుగా తను గొణుక్కునేదీ అదే.

చనువుగా లోపలికి వెళ్ళి మిషను మీద చెయ్యి వేసింది. ఆమె బెదిరి లేచి నిలబడింది. మిషనత్త సూది ఊడదీసి దీపానికి ఎదురుగా పట్టి చూపించింది. కొన దగ్గర వెంట్రుకవాసి వంగి ఉంది. తన పర్సులోంచి కొత్త సూది తీసి బిగించి, బాబిన్ కేసు మర ఒక పిసరు వదులు చేసి, గలీబు ఒకటి తోసి ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టింది. ఒక్క కుట్టు తప్పలేదు.

ఆమె గలీబు అందుకుని తిరగేసి చూసింది. తర్వాత మిషనత్త చెయ్యి పట్టుకుని కుడిచేతి చూపుడువేలు కొన తడిమింది. అక్కడ సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం కాయ కాసి ఉంది. తన వేలు చూపించింది. అక్కడా అదే కాయ. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

కోటుకు కావలసిన రన్నరు ఆమె డబ్బాలోనే దొరికింది. ఆ మధ్యాహ్నం నుంచి మిషనత్తకు యాత్ర అంటే ఆ గదే అయింది. అన్నాలయ్యాక అందరూ నడుం వాల్చే వేళకు ఆవిడ కిందికి దిగేది. ఆమె స్టూలు తుడిచి వేసేది. ఫ్లాస్కులోంచి టీ ఒంపి, ఉన్న ఒక్క కప్పూ మిషనత్తకిచ్చి తను మూతలో తాగేది. మాటల్లేవు. ఉన్నదల్లా సూదీ, దారం, చేతులు. మిషనత్త కాజాలు ఎలా ముడి వేస్తుందో చూపించింది. ఆమె చిరుగుకు రఫ్ఫు వేసే పద్ధతి ఒకటి చూపించింది. వేశాక చిరుగెక్కడుందో మిషనత్త కళ్ళద్దాలు పెట్టుకుని కూడా కనిపెట్టలేకపోయింది.

"ఓసి నీ దుంప తెగ, ఇంత పనితనం పెట్టుకుని ఈ గుయ్యారంలో కూర్చున్నావా!" అంది తెలుగులోనే. ఆమెకు ఏం అర్థమైందో గాని సిగ్గుపడింది.

రొమ్ము మీద చెయ్యి వేసుకుని "అక్క" అని నేర్పింది మిషనత్త. ఆమె "అక్కా" అంది, సాగదీసి. ఆమెను తను చెల్లీ అంది. చొక్కాకు గుచ్చిన బిళ్ళ మీద ఏదో పేరు రాసి ఉంది. మిషనత్తకు ఆ అక్షరాలు రావు, అడగనూ లేదు. చెల్లి అనే పిలుపు ఉండగా పేరెందుకు?

రెండో రోజున చెల్లి ఫోనులో ఒక పాప ఫోటో చూపించింది. నాలుగేళ్ళుంటాయి, ముందుపళ్ళ మధ్య సందు. నేల నుంచి ఇంత ఎత్తు అని చేత్తో చూపించి, నాలుగు వేళ్ళు ఎత్తి, చెయ్యి మెల్లగా పైకి జరిపింది. ఎక్కడ ఆపాలో తెలియనట్టు ఆ చెయ్యి గాల్లో అలా ఉండిపోయింది. నాలుగేళ్ళయింది పిల్లను చూసి, ఇప్పుడెంత ఎదిగిందో తెలియదు. అది మిషనత్తకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది. పిల్ల ఏ ఊళ్ళో ఉందో, తల్లి ఎందుకు వెళ్ళలేకపోతోందో మాత్రం తోచలేదు. ఏదో పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండి ఉంటుందనుకుంది.

చెల్లి అలమర అడుగునుంచి ఒక మూట తీసింది. హోటలు పరదాలు పొట్టి చేసినప్పుడు మిగిలిన ముక్కలు. నీలం గుడ్డ మీద తెల్ల ఆకులు. చెత్తలో వేసేవే. వాటితో గౌను కుడదామని ఆరు నెలలుగా దాచింది, కొలత తెలియక కత్తెర పెట్టలేదు.

కొలతలు మిషనత్తకు చెప్పాలా? ఎనిమిదేళ్ళ పిల్లలకు వీధి వీధంతా కుట్టింది. చాక్ తీసుకుని ఛాతీ, నడుం, భుజం గీసింది. ఎదిగే పిల్ల గనక అడుగున నాలుగు వేళ్ళ మడత వదిలింది, చంకల దగ్గర లోపలికి గుడ్డ ఉంచింది, విప్పితే రెండేళ్ళు తొడగొచ్చు. ఒకళ్ళు కత్తిరిస్తే ఒకళ్ళు కుట్టారు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. మధ్యలో మెట్ల మీద బూట్ల చప్పుడైనప్పుడల్లా చెల్లి గౌనును దుప్పట్ల కింద తోసి, పెదాల మీద వేలు పెట్టుకునేది. పని వేళ సొంత పని చేస్తే పైవాళ్ళు తిడతారు కాబోలనుకుంది మిషనత్త.

గౌను పూర్తయిన రోజు చెల్లి దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. మిషనత్త ఫోను తీసింది. చెల్లి నవ్వు ఆగిపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టి తల ఊపింది. గౌను వైపు చూపించి సరే అంది, మొహం వైపు చూపించి వద్దంది. మిషనత్త అర్థమైనట్టు తలాడించింది. చెల్లి గౌనును మొహానికి అడ్డంగా పట్టుకుంది. ఫోను నొక్కే క్షణానికి ఎందుకో నవ్వొచ్చి గౌను పక్కనుంచి తొంగి చూసింది.

ఫోటో బాగా వచ్చింది. మొహమంతా పడింది. చెరిపేద్దామనుకుంది మిషనత్త. ఎంత బాగుందో చూసి, తర్వాత చూద్దాంలే అనుకుంది.

ఎనిమిదోరోజు సాయంత్రం భోజనాల ముందు మేడమ్ అందర్నీ కూర్చోబెట్టింది. ఈ యాత్రలో ఎవరికి ఏ అనుబంధం దొరికిందో చెప్పాలి. బ్యాంకావిడ ఆ ఇంటావిడ కౌగిలి గురించి చెప్పి మళ్ళీ కళ్ళొత్తుకుంది. డాక్టరుగారి భార్య ఒక పూలమ్మే ఆవిడతో ఫోటో దిగానంది. పెట్రోలు బంకావిడ, అక్కడి బస్సు డ్రైవరు తనను అమ్మా అన్నాడంది.

మిషనత్త చెప్పదలుచుకోలేదు. కాని బ్యాంకావిడ నవ్వుతూ, "పాపం ఈవిడకు మన హుక్కులతోనే సరిపోయింది" అంది. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

"నాకో చెల్లి దొరికిందండీ" అంది మిషనత్త.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మిషను చప్పుడు, వంగిన సూది, వేలి మీద కాయ, గాల్లో ఆగిపోయిన చెయ్యి, గౌను. ఎవరూ కదల్లేదు. ఫోను తీసి ఫోటో చూపిస్తే చేతులు మారింది. బ్యాంకావిడ చూసి, "ఎంత అందంగా ఉందండీ" అంది, ఈసారి మామూలు గొంతుతో. మేడమ్ లేచి వచ్చి మిషనత్త పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, నేను ఇన్ని యాత్రలు నడిపాను. నేను కలగన్నది ఇదే అక్కా. ఈ ఫోటో మన యాత్రల పేజీలో పెట్టనా? అందరూ చూడాలి."

అంతవరకూ ఆవిడ మిషనత్తను ఏమండీ అనే పిలిచింది. అక్కా అనడం అదే మొదలు.

మిషనత్తకు ఆ అడ్డం పెట్టిన అరచెయ్యి గుర్తొచ్చింది. గుర్తురాలేదని తర్వాత ఎన్నడూ ఎవరితోనూ బొంకలేదు. గుర్తొచ్చింది. చుట్టూ పదకొండు మొహాలు తన వైపే తిరిగి ఉన్నాయి. చిన్నప్పటినుంచి అన్ని మొహాలు ఒక్కసారిగా తన వైపు తిరగడం ఆవిడ ఎరగదు.

"పెట్టండి" అంది.

మర్నాడు అందరూ బజారుకు బయల్దేరుతుంటే, తలనొప్పని చెప్పి ఉండిపోయింది. చెల్లికి ఇద్దామని తన కత్తెర గుడ్డలో చుట్టుకుని కిందికి దిగింది. చిన్నగదిలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. స్టూలు లేదు, ఫ్లాస్కు లేదు. అలమర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇస్త్రీ ముసలాయన ఆవిడను చూసినా ఇస్త్రీ ఆపలేదు. సైగ చేసి అడిగితే మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి బస్సు ఇంకా కదల్లేదు. వదినను దింపింది, గైడు అమ్మాయిని పిలిచింది. గైడు అమ్మాయి కిందికి వెళ్ళి ముసలాయనతో మాట్లాడి వచ్చింది. వచ్చాక గబగబా ఇంగ్లీషులో చెప్పింది. వినేకొద్దీ వదిన మొహం మారిపోయింది.

"ఏమంటోంది వదినా?"

"మేడమ్ ఆ ఫోటో హోటలు పేరుతో సహా పెట్టిందట. వేలమంది చూశారట. హోటలువాళ్ళూ చూశారు. గౌను గుడ్డ తమదేనని గుర్తుపట్టారట. పొద్దున్నే పిలిచి దొంగతనమన్నారు."

"చెత్తలో వేసే ముక్కలవి! నేను వచ్చి చెబుతాను, పద."

"అది కాదే. అసలు సంగతి అది కాదు." వదిన గోడకు ఆనుకుంది. "ఆమె ఈ దేశం మనిషి కాదట. కాగితాలు లేవు. వేరే ఎవరిదో పేరు పెట్టుకుని నాలుగేళ్ళనుంచి పనిచేస్తోంది. ఆ బిళ్ళ మీదున్నది కూడా ఆమె పేరు కాదు. హోటలుకు తెలుసు, ఊరుకున్నారు. ఇప్పుడు అందరి కళ్ళలోనూ పడింది గనక, అధికారులు రాకముందే పంపేశారు. పడుకునే గది కూడా ఇక్కడిదే. గంటలో ఖాళీ చేయించారు."

గైడు అమ్మాయి మిషనత్త వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఫోటో తీయమని ఆమె అందా అని అడుగుతోంది" అంది వదిన.

మిషనత్త "ఎక్కడికెళ్ళిందో అడుగు" అంది.

సరిహద్దు వైపు బస్సెక్కుతానందట, ఆ బస్సు రోజుకొక్కటే, మధ్యాహ్నం. గైడు అమ్మాయి కారు పిలిచింది. ముగ్గురూ బస్టాండుకు వెళ్ళారు. రేకుల కప్పు కింద పొడుగాటి బల్లలు, మూటలతో మనుషులు. చివరి బల్ల మీద చెల్లి కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర ఒక చక్రాల పెట్టె, ఒళ్ళో ఫ్లాస్కు. పని చొక్కా లేదు. పాత కోటు వేసుకుంది, మోచేతి దగ్గర రఫ్ఫు వేసి ఉందేమో, ఉన్నా కనపడదు.

"చెల్లీ" అంది మిషనత్త.

ఆమె తలెత్తి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. పెట్టె హ్యాండిలు పట్టుకుని లేచి, రెండు బల్లలు దాటి అటు తిరిగి కూర్చుంది.

మిషనత్త వెళ్ళి ఎదురుగా నిలబడింది. "నాకు తెలీదమ్మా. ఇలా అవుతుందని తెలీదు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను వచ్చి ఆ గుడ్డ నేనే తీశానని చెబుతాను, ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెబుతాను" అంటోంది తెలుగులో. వదిన దాన్ని ఇంగ్లీషు చేసింది, గైడు అమ్మాయి వాళ్ళ భాష చేసింది. ఇన్ని చేతులు మారి చేరేటప్పటికి అందులో ఏం మిగిలిందో.

చెల్లి విన్నది. గైడు అమ్మాయితో నాలుగు మాటలు అంది, మిషనత్త వైపు చూడకుండానే. గైడు అమ్మాయి వదినతో చెప్పింది. వదిన నేల చూపులు చూస్తూ నిలబడింది.

"ఏమంది?"

"ఏదో అందిలే. పద, పోదాం."

"వదినా, ఏమందో చెప్పు."

వదిన ఎంతమంది పిల్లల్ని నిలబెట్టి అడిగిన మనిషో, ఆ వేళ మాత్రం అప్పజెప్పలేని పిల్లలా తయారైంది. "నీ సూది మంచిదే, కాని అది లేకపోయినా నాకు పని జరిగేది అంది."

"అంతేనా?"

"మొహం వద్దన్నానని అక్కకు తెలుసు అంది."

బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. చెల్లి పెట్టె మెట్ల మీదికి లాగలేక ఇబ్బంది పడుతుంటే మిషనత్త పరుగెత్తి కింద నుంచి ఎత్తబోయింది. ఆమె ఒక్క క్షణం ఆగింది. పెట్టెను తన వైపుకు గుంజుకుని, వెనకనున్న ముక్కూ మొహం తెలియని మనిషెవరికో అందించింది. ఆయన ఎక్కించి పెట్టాడు. తలుపు మూసుకుంది. కిటికీలోంచి ఆమె ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూస్తుందని బస్సు మలుపు తిరిగేదాకా మిషనత్త నిలబడింది.

హోటలుకొచ్చాక మేడమ్ ఎదురొచ్చింది. సంగతి అప్పటికే తెలిసింది. "అయ్యో అక్కా, నేను వెంటనే తీసేశాను. నిజంగా బాధగా ఉంది." తర్వాత గొంతు తగ్గించి, "అయినా ఆవిడ అసలు ఇక్కడి మనిషే కాదటగా! మనల్నీ మోసం చేసినట్టేగా" అంది.

మిషనత్త ఆవిడను ఎగాదిగా చూసింది. అనడానికి నోటి చివరిదాకా వచ్చిన మాట తనకే తగులుతుందని మింగేసింది.

తిరుగు ప్రయాణంలో విమానం దీపాలు ఆర్పాక వదిన చెయ్యి పట్టుకుంది. "నువ్వేమన్నా తెలిసి చేశావా? ఎందుకే అలా కుమిలిపోతావు?"

"తెలిసే చేశాను వదినా. ఆమె వద్దంది. నేను పెట్టండన్నాను. ఇందులో తెలియంది ఏముంది?"

వదిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు గాని, కళ్ళు మూసుకుంది.

ఇంటికొచ్చాక రెండు నెలలు మిషనత్త తిరగని చోటు లేదు. వదిన చేత హోటలుకు ఉత్తరాలు రాయించింది, జవాబు లేదు. గైడు అమ్మాయికి ఫోన్లు చేయించింది. మొదట్లో ఎత్తేది. ఆమె అసలు పేరేమిటో కనుక్కోమంటే, ఇస్త్రీ ముసలాయనకు కూడా తెలియదంది. పేరు లేకుండా మనిషిని ఎవరిని అడగాలి, ఎలా వెతకాలి? తర్వాత ఆ పిల్ల కూడా ఎత్తడం మానేసింది. యాత్రవాళ్ళు కలుసుకునే సభకు రమ్మని మేడమ్ రెండుసార్లు పిలిచింది. మిషనత్త పోలేదు. వదిన ఒక్కతే వెళ్ళి వచ్చి, అక్కడి ముచ్చట్లేవీ చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఆ ఊసు పూర్తిగా ఆగిపోయింది. పండగకూ పబ్బానికీ కలుస్తారు, భోంచేస్తారు, ఆరోగ్యాల గురించి మాట్లాడుకుంటారు.

మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. ఒక పొద్దున్న పై వీధి కాంట్రాక్టరు భార్య ఆరు జాకెట్ల గుడ్డలు తెచ్చింది. మేడమ్ నడిపే కొత్త యాత్రకు పేరిచ్చిందట.

"మీరు వెళ్ళొచ్చారుగా మిషనత్తా! ఎలా ఉంటుంది? అక్కడివాళ్ళు మనతో బాగా కలుస్తారా?"

మిషనత్త కొలతల టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టింది. ఎవరికీ చెప్పని మాట మొదటిసారి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తను పెట్టండి అన్న మాట కూడా దాచలేదు. కాంట్రాక్టరు భార్య నోరు తెరుచుకుని విన్నది.

"అయ్యో పాపం" అంది చివరికి. తెచ్చిన గుడ్డలు సర్దుతూ, "మరి ఆ హోటల్లో రూములెలా ఉంటాయి అత్తా? వేడినీళ్ళవీ వస్తాయా?" అంది.

మిషనత్త ఆమె మొహంలోకి చూసింది. అందులో చెడ్డతనమేమీ లేదు. యాత్రకు ముందు తన మొహమూ అచ్చం ఇలాగే ఉండి ఉంటుంది.

"వస్తాయి" అంది. టేపు తీసుకుంది. "చెయ్యెత్తమ్మా."